పనిముట్ల లెక్క

మా తండ్రిగారు గుంటూరులో గడియారాలు బాగుచేసేవారు. ప్రతి రమజాన్‌లోనూ ఒక రాత్రి తరావీహ్ నమాజు ముగించుకొని వచ్చి, చాపపై కూర్చొని జకాత్ లెక్క చూసుకునేవారు. చేతిలోని నగదు, మా అమ్మగారి వెండి, అమ్మకానికి తెచ్చిన గడియారాలు, పట్టీలు, ఇవన్నీ ఒక కాగితం మీదికి ఎక్కేవి. కంటికి తగిలించుకునే భూతద్దం, సన్నని పట్టకార్లు, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు ఉండే పెట్టెను మాత్రం పక్కకు జరిపేవారు. మా బాల్యపు దృష్టికి దుకాణంలో ఆ పెట్టెకన్న విలువైనది లేదు. దానిని ఎందుకు లెక్కవేయరని ఒకసారి అడిగాము. “అది పనిముట్టు, దానికి జకాత్ ఉండదు” అన్నారే గాని, ఎందుకుండదో ఆయన చెప్పలేదు. బహుశా ఆయనకు తెలిసి ఉండదు.

ఎందుకో మేము మద్రసాలో చదువుకున్నాము. మన హనఫీ ఫిఖ్‌హ్ గ్రంథాలలో వృత్తిదారుల పనిముట్లను జకాత్ నుండి మినహాయించారు. అంతటితో ఆగక, చాకలివాని సబ్బును, అద్దకంవాని రంగును పక్కపక్కన పెట్టి తర్కించారు. సబ్బు బట్టను శుభ్రపరచి నీటిలో కలిసిపోతుంది, కనుక అది పనిముట్టు వంటిదే. రంగు అలా కాదు. అది బట్టలోనే నిలిచి, బట్టతోపాటు గిరాకీదారుని ఇంటికి పోతుంది. అతడిచ్చే డబ్బులో రంగు వెల కూడా ఉంది. కనుక అద్దకంవాని వద్ద నిల్వ ఉన్న రంగు జకాత్ లెక్కలోకి వస్తుంది. ఈ పాఠం చెప్పే ప్రతి సంవత్సరమూ మాకు తండ్రిగారి పెట్టె గుర్తుకు వస్తుంది.

గత నెల ఒక దంతవైద్యుడు మా వద్దకు వచ్చారు. బాల్యంలో సాయంకాలపు తరగతులలో మా వద్దనే ఖుర్ఆన్ చదువుకున్నవారు. నేడు సొంత క్లినిక్ నడుపుకుంటున్నారు. చేతిలో ఒక ఫైలు, ముఖంలో ఒక సంకోచం. “హజ్రత్, ఇది జకాత్ మస్అలా కాదు, ఇన్‌కమ్ టాక్స్ మస్అలా. అయినా మిమ్మల్నే అడగాలనిపించింది” అన్నారు. పన్నుల విషయంలో మేము పండితులము కాము. అయినా మా తమ్ముని కుమారుడు ఒక ఆడిటర్ వద్ద పనిచేస్తున్నాడు. అతనిని కూడా పిలిపించుకొని ముగ్గురమూ కూర్చున్నాము. ఆ సాయంత్రం మేము నేర్చుకున్నది పాఠకులలో సొంత వృత్తి చేసుకునేవారికి పనికివస్తుందని ఈ నెల శీర్షికను దానికే కేటాయించాము.

ముందుగా అసలు విషయం. ఉద్యోగికి యజమాని కుర్చీ ఇస్తాడు, కంప్యూటర్ ఇస్తాడు. సొంత వృత్తివాడు తన కుర్చీని తానే కొనుక్కోవాలి. ఆ ఖర్చు అతని సంపాదనలోనిదే కనుక, దానిని తీసివేసిన తర్వాతే లాభం లెక్కించాలన్న న్యాయాన్ని మన ఆదాయపు పన్ను చట్టం అంగీకరించింది. అయితే చేతి తొడుగులు, దూది, మందులు వంటివి ఆ సంవత్సరమే ఖర్చైపోతాయి గనుక వాటి వెల మొత్తం ఆ సంవత్సరపు ఖర్చులో వేసుకోవచ్చు. పళ్ల డాక్టరు కుర్చీ పదేళ్లు పనిచేస్తుంది. దాని వెలను ఒక్క సంవత్సరంలో తీసివేయనివ్వరు. ఏటేటా కొంత అరిగినట్లు భావించి ఆ మేరకే తీసివేయనిస్తారు. దీనినే తరుగుదల అంటారు. సామాన్య యంత్రాలకు 15 శాతం, బల్లలు, బీరువాలు, విద్యుత్ అమరికలకు 10 శాతం, కంప్యూటర్లకు 40 శాతం. మొదటి ఏడు తీసివేయగా మిగిలిన విలువపైనే మరుసటి ఏడు మళ్లీ అదే శాతం లెక్కిస్తారు.

డాక్టరు గారు 2025 మే నెలలో కుర్చీని, దానికి గాలి అందించే కంప్రెసర్‌ను కలిపి 3,40,000 రూపాయలకు కొన్నారు. వడ్డీ అప్పు వద్దనుకొని మూడేళ్లు కూడబెట్టి, బ్యాంకు ద్వారానే చెల్లించారు. 15 శాతం చొప్పున తొలి ఏడు తరుగుదల 51,000. మిగిలిన 2,89,000పై రెండో ఏడు 43,350. ఇలా సాగుతుంది. (వాయిదాలలో కొన్నవారికి వాయిదాలు ఇంకా మిగిలి ఉన్నా, వస్తువు పనిలో పెట్టిన ఏడాది నుండి పూర్తి వెలపైనే తరుగుదల లభిస్తుంది.) జూన్‌లో క్లినిక్ రిజిస్టర్ల కోసం 50,000 పెట్టి కొన్న కంప్యూటర్‌పై 40 శాతం, అనగా 20,000. పరికరాలను ఆవిరిలో శుద్ధిచేసే యంత్రాన్ని డిసెంబరులో 60,000కు కొన్నారు. ఇక్కడ ఒక నియమం అడ్డువచ్చింది. ఆ ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కన్న తక్కువ కాలం వాడిన కొత్త వస్తువుకు సగం తరుగుదలే. అక్టోబరు 4న గాని, ఆ తర్వాత గాని పనిలో పెట్టినదేదైనా ఈ సగం కిందికి వస్తుంది. కనుక దానిపై 7.5 శాతం, 4,500 మాత్రమే. మొత్తం 75,500.

మార్చి చివరలో ఆదరాబాదరా యంత్రాలు కొనేవారు ఈ సగం సంగతి గమనించాలి. బిల్లు మార్చిదై, పెట్టె విప్పింది ఏప్రిల్‌లో అయితే ఆ సగం కూడా రాదు. వస్తువు మీదై ఉండాలి, ఆ సంవత్సరంలో మీ పనిలో వాడి ఉండాలి. చట్టం అడిగేవి ఈ రెండే.

ఇప్పుడు డాక్టరు గారి చిక్కు. ఆయన వద్ద ఇంకొక బిల్లు ఉంది. పళ్లను అరగదీసే మోటారు, దాని చేతిపిడుల సెట్టు, 45,000. అది ప్రతిరోజూ వాడే వస్తువే. అయితే దుకాణదారు కొంత తగ్గిస్తానంటే ఒకేసారి నగదుగా చెల్లించారు. ఇటువంటి ఆస్తికి ఒకే రోజున ఒకే మనిషికి 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే, ఆ మొత్తాన్ని చట్టం వస్తువు వెలగా గుర్తించదు. మోటారు బల్లపై ఉంది, తిరుగుతోంది, బిల్లు కూడా సరియైనదే. అయినా పన్ను లెక్కలో దాని వెల సున్న.

ఆ తర్వాత ఫైలు అడుగు నుండి మరొక కాగితం తీశారు. ఒక ల్యాప్‌టాప్ బిల్లు, 62,000. కొన్నది ఆగస్టులో, బిల్లుపై ఉన్నది క్లినిక్ పేరు. ఆ ల్యాప్‌టాప్ ఎక్కడ ఉందని అడిగాము. కొంతసేపు మౌనం. అది హైదరాబాద్‌లో, హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న పెద్దమ్మాయి వద్ద ఉన్నది.

ఈ ఒక్క కాగితం విలువ ఎంతో మా తమ్ముని కుమారుడు లెక్కగట్టి చెప్పాడు. క్లినిక్‌కు వచ్చిన ఫీజులు 31 లక్షలు. అద్దె, ఇద్దరు సహాయకుల జీతాలు, మందులు, విద్యుత్తు పోగా మిగిలినది 13 లక్షలు. అందులో తరుగుదల 75,500 తీసివేస్తే 12,24,500. కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి రిబేటు వలన పన్ను ఉండదు. ఆ గడప దాటీ దాటని వారికి ఒక ఊరట ఉంది. పన్ను ఎంత లెక్కతేలినా, 12 లక్షలకు మించిన సొమ్ముకన్న ఎక్కువ వసూలు చేయరు. కనుక డాక్టరు గారి పన్ను 24,500. దానిపై 4 శాతం సెస్సు కలిపితే 25,480. ల్యాప్‌టాప్‌పై 40 శాతం అంటే 24,800. దానిని చూపితే ఆదాయం 11,99,700కు దిగుతుంది. పన్ను పూర్తిగా మాయం.

గడప వద్ద నిలబడిన మనిషికి శోధన ఎంత బలంగా ఉంటుందో ఆ అంకెలు చూచినప్పుడు మాకు అర్థమైంది. ఒక్క కాగితం, అది కూడా నకిలీది కాదు. వస్తువు నిజం, వెల నిజం, దుకాణం నిజం. అబద్ధమల్లా బిల్లుపై ఉన్న పేరు ఒక్కటే.

“హజ్రత్, నేను మోటారుకు నిజంగా 45,000 పెట్టాను. దానిని లెక్కలోకి తీసుకోనంటున్నారు. నాకు న్యాయంగా రావలసినది పోయింది. దీనితో సరిపెట్టుకుంటే తప్పేముంది?” అన్నారు డాక్టరు గారు.

ఈ వాదాన్ని మేము తేలికగా తీసివేయలేదు. బజారులో తూకం తగ్గించేవారిలో చాలామంది తమను తాము దొంగలుగా అనుకోరు. హోల్‌సేలు వ్యాపారి తమకు తక్కువ తూచాడనో, తరుగు పోయిందనో, అందుకు బదులు తీసుకుంటున్నామనో అనుకుంటారు. పాత నష్టాన్ని కొత్తవానిపై పూడ్చుకోవడమే అక్కడ జరిగేది. అయినా ముందు లెక్క చూద్దామన్నాము. మోటారు నగదుగా కొనకపోయినా, ఆ ఏడు దానిపై లభించేది 15 శాతం, 6,750 రూపాయలే గదా. దానికి బదులుగా 24,800 తీసుకోవడం ఏ తక్కెడలో సమానమవుతుందని అడిగాము. ఆయన నవ్వారు గాని ఒప్పుకోలేదు. అమ్మాయి అప్పుడప్పుడు క్లినిక్ పని కూడా అందులో చేసిపెడుతుందన్నారు.

ఇది విచారించవలసిన మాటే. ఒకే వస్తువు ఇంటికీ పనికీ వాడితే, పనికి వాడిన భాగం మేరకు తరుగుదల తీసుకోవడానికి చట్టంలో వీలుంది. ఇంట్లో ఉంచుకొని పగలు లెక్కలు రాసుకొని, రాత్రి పిల్లల చదువుకు ఇచ్చే కంప్యూటర్ అయితే న్యాయంగా ఎంత వంతో అంత వేసుకోవచ్చు. ఆ వంతు ఎలా తేల్చారో రాసి పెట్టుకుంటే మంచిది. కాని హాస్టల్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌లో గుంటూరు క్లినిక్ వంతు ఎంత? ఆయన అక్కడే అమ్మాయికి ఫోను చేసి స్పీకరు పెట్టారు. మా ఎదుట అలా చేయగలగడమే ఆయనలోని మంచితనమని మేమనుకున్నాము. “అబ్బాజాన్, రంజాన్ సెలవుల్లో రెండు రోజులు మీ అపాయింట్‌మెంట్లు టైపు చేశాను, అంతే. ఎందుకు?” అన్నది ఆ పిల్ల. ఆయన “ఏమీ లేదు బేటా” అని పెట్టేశారు. ఆ “ఎందుకు”కు జవాబు చెప్పవలసి వస్తుందేమోనన్న భయం ఆయన ముఖంలో కనిపించింది. మా దృష్టిలో శిక్షకన్న అది పెద్ద విషయం. శిక్ష కూడా చిన్నదేమీ కాదు. ఆదాయాన్ని తప్పుగా చూపి పన్ను తగ్గించుకున్నట్లు తేలితే, ఎగవేసిన పన్నుకు 200 శాతం జరిమానా.

ల్యాప్‌టాప్ కాగితాన్ని ఆయన మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇక లేచేవారే. అంతలో మా తమ్ముని కుమారుడు ఒక ప్రశ్న వేశాడు. “డాక్టరు గారూ, ఈ కుర్చీకి ముందు మీరు పళ్లు ఎక్కడ పీకారు?”

ఆ ప్రశ్నే అసలు మేలు చేసింది. 2021-22లో క్లినిక్ తెరచినప్పుడు 2 లక్షల రూపాయల పరికరాలు కొన్నారు. అవి నేటికీ వాడుతున్నారు. అయితే గడచిన సంవత్సరాలలో ఆయన లెక్కల పుస్తకాలు లేకుండా, అంచనా పద్ధతిలో పన్ను చూపుతూ వచ్చారు. ఈ పద్ధతి గురించి కొంత చెప్పాలి, మన పాఠకులలో ఎక్కువమంది దీనిలోనే ఉంటారు గనుక. దర్జీలు, వెల్డింగు షాపులవారు, చిన్న దుకాణదారులు మొదలైనవారి సాలుసరి అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే, నగదు రాబడిలో 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చిన దానిలో 6 శాతం లాభంగా చూపే వీలుంది. నిజంగా అంతకన్న ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువనే చూపాలి. డాక్టర్లు, ఇంజనీర్లు, వకీళ్ల వంటి వృత్తులవారికైతే రాబడి 50 లక్షల లోపు ఉన్నప్పుడు సగాన్ని లాభంగా చూపాలి. దాదాపు అంతా బ్యాంకు ద్వారానే వచ్చేవారికి ఈ పరిమితులు ఇంకా ఎక్కువ. ఈ పద్ధతిలో పుస్తకాలు రాయనక్కరలేదు. అలాగే కుట్టుమిషనుకో, వెల్డింగు యంత్రానికో వేరుగా తరుగుదల అడగడానికి కూడా వీలులేదు. అది ఆ శాతంలోనే ఇమిడి ఉన్నదని చట్టం భావిస్తుంది.

ఈ ఏడు డాక్టరు గారికి ఖర్చులు పెరిగాయి. 31 లక్షలలో సగం, 15.5 లక్షలు, తనకు మిగలలేదు. కనుక పుస్తకాలు రాయించి, ఆడిట్ చేయించుకొని అసలు లాభం చూపుతున్నారు. అంచనా పద్ధతిలో ఉన్న ఆ నాలుగేళ్లూ తరుగుదల జరిగినట్లే లెక్కిస్తారు. 2,00,000 కాస్తా 1,70,000, 1,44,500, 1,22,825, ఆపైన 1,04,401 అవుతుంది. మిగిలిన ఈ విలువ మాత్రం పోదు. దానిపై ఈ సంవత్సరపు 15 శాతం, 15,660 రూపాయలు, ఆయనకు న్యాయంగా రావలసిన హక్కు. పుస్తకాలు లేని రోజుల బిల్లులు గనుక ఆడిటర్‌కు ఇవ్వాలని ఆయనకు తోచలేదు, ఆడిటర్‌కు అడగాలని తోచలేదు.

ఆ బిల్లులు ఎక్కడ ఉన్నాయి? ఇంటికి ఫోను చేస్తే, వారి బేగం గారు అరగంటలో ఒక బిస్కెట్ల డబ్బా పంపారు. క్లినిక్ తెరచిన నాటి కాగితాలన్నీ అందులో ఉన్నాయి, మూడు బిల్లులు, బ్యాంకు చెల్లింపు రసీదులతో సహా. పారవేయడానికి మనసొప్పక దాచారట. ఖుర్ఆన్‌లో అన్నిటికన్న పెద్ద ఆయత్ అప్పుల లావాదేవీలు రాసి ఉంచుకోవడం గురించినదని పిల్లలకు చెబుతుంటాము. ఆ డబ్బా చూచిన నాడు మాకే మళ్లీ చెప్పినట్లయింది.

తరుగుదల మొత్తం ఇప్పుడు 91,160. ఆదాయం 12,08,840. పన్ను, సెస్సుతో కలిపి 9,190 రూపాయలు. సున్న కాలేదు. తాను రాసి ఇవ్వబోయిన అబద్ధం ఇంతకన్న బాగా పనిచేసి ఉండేదని డాక్టరు గారు దాచకుండా అన్నారు, మేమూ కాదనలేదు. కాని తన సొంత కాగితాలలోనే పదహారు వేల హక్కు పడి ఉండగా కూతురి ల్యాప్‌టాప్ వైపు చూపు పోయిందే అని నొచ్చుకున్నారు. మన వర్గంలో ఇది తరచుగా చూస్తాము. పన్ను కాగితమంటే ఒక భయం, ఆ భయంలో రావలసినది వదులుకుంటారు. తర్వాత ఎవరో ఒక దారి చూపితే రానిదానిపై చేయివేస్తారు.

పాఠకులు గుర్తుంచుకోవలసినవి ఇంకా రెండు. తరుగుదలను “ఈ ఏడు వద్దు, లాభం ఎక్కువ వచ్చిన ఏడు తీసుకుంటాను” అని దాచుకోవడానికి కుదరదు. మీరు అడిగినా అడగకపోయినా ఆ ఏటిది ఆ ఏడు తగ్గిపోయినట్లే. పాత యంత్రాన్ని అమ్మితే వచ్చిన సొమ్మును ఆ తరగతి యంత్రాల మిగులు విలువలో నుండి తగ్గించాలి, చేతికి వచ్చింది గదా అని జేబులో వేసుకొని మరచిపోరాదు. ఇక 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. పైన చెప్పిన సంవత్సరానికి మాత్రం 1961 నాటి చట్టమే వర్తిస్తుంది. మీ మీ విషయాలలో ఆడిటర్‌ను అడిగి నిర్ధారించుకోండి. మేము చెప్పినది ఒక క్లినిక్ లెక్క.

వెళ్లబోతూ డాక్టరు గారు గుమ్మం వద్ద ఆగారు. “హజ్రత్, ఇంతకూ నా కుర్చీకి జకాత్ ఉందా?” లేదన్నాము, మా తండ్రిగారి పెట్టెకు లేనట్లే. “మరి బీరువాలో ఉన్న ఫిల్లింగ్ సిమెంటు, తొడుగు పళ్లు?” మేము చాకలివాని సబ్బు, అద్దకంవాని రంగు సంగతి చెప్పాము. సిమెంటు రోగి పంటిలోనే నిలిచి అతనితో ఇంటికి పోతుంది గనుక మాకు తోచినంతవరకు అది రంగు వంటిదేనని, అయినా ముఫ్తీ గారిని ఒక మాట అడగమని అన్నాము. ఆయన మా తమ్ముని కుమారుని వద్ద కలం అడిగి తీసుకొని, ల్యాప్‌టాప్ బిల్లు వెనుక వైపున రాసుకున్నారు: సిమెంటు, తొడుగులు, బీరువా, లెక్క పెట్టాలి.